కుంగుబాటు, ఆందోళన: తక్కువ ఖర్చులో స్వయంసహాయం, తోటివారి ఆసరా

వైద్యులు డిప్రెషన్ అనే కుంగుబాటుకు, యాంగ్జైటీ అనే ఆందోళన రుగ్మతకు లోనైన మనిషి పుస్తకం, అభ్యాసపత్రం, ఫోన్‌లోని పాఠం వంటి సాధనాలతో తనకు తాను చేసుకొనే చికిత్సను స్వయంసహాయమనీ, అదే బాధ అనుభవించి బయటపడినవారు, లేదా అదే పేటలో అలాంటి బతుకే బతుకుతున్నవారు, కొంత శిక్షణ పొంది ఒక పద్ధతి ప్రకారం అందించే సహాయాన్ని తోటివారి ఆసరా అనీ అంటారు. నిపుణులు చాలనిచోట, ఉన్నా వారి రుసుము భరించలేనిచోట ఇవి వ్యాపించాయి. అనేక సందర్భాలలో వీటిని మొదలుపెట్టినవారు మానసిక వైద్యులే. ఖర్చు తక్కువ కావడమే వీటి ఆకర్షణ అయినా, ఫలితమిచ్చిన ప్రయత్నాల చరిత్రను పరిశీలిస్తే వాటి వెనుక ఒక స్థిరమైన పద్ధతి, దాన్ని పర్యవేక్షించే మనిషి, అవసరమైనప్పుడు వైద్యుడి దగ్గరకు చేర్చే దారి ఉన్నాయని, ఇవి లోపించినచోట ఉచితంగా దొరికిన సహాయం కూడా అక్కరకు రాలేదని తెలుస్తుంది.

రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు ఆవరించి ఉండటం, లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దానితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిని పనులు కుంటుపడటం కుంగుబాటుకు ప్రధాన లక్షణాలు. ఆందోళన రుగ్మతలో అదుపులేని చింతతోపాటు గుండె దడ, చెమటలు, ఊపిరాడనట్లు ఉండటం కనిపిస్తాయి. ఈ రెండు రుగ్మతలూ చాలామందిలో కలిసే ఉంటాయి. బాధ మొదట ఒంట్లో కనిపిస్తుంది కాబట్టి రోగులు నీరసానికి బలం మందులు, గుండె దడకు ఈసీజీలు, తలనొప్పికి స్కానింగులు అంటూ తిరిగి, జబ్బు పేరు తెలిసేలోపే చేతిలో ఉన్న డబ్బు ఖర్చు చేసుకొంటారు. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. (ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు.) ఖర్చంటే వైద్యుడి రుసుము ఒక్కటే కాదు, జిల్లా కేంద్రానికి బస్సు ఛార్జీ, పోయిన రోజు కూలి, వెంట వచ్చిన మనిషి కూలి, నలుగురికీ తెలుస్తుందన్న జంకు కూడా అందులో భాగమే. ఉచిత ఆసుపత్రి ఉన్నా జనం వెళ్ళకపోవడానికి కారణం తరచుగా ఈ లెక్కలోనే ఉంటుంది.

షికాగోలో మొదలైన ‘రికవరీ’

మానసిక రుగ్మతల విషయంలో తోటివారి ఆసరాను ఒక క్రమశిక్షణగా మలచిన తొలి సంస్థలలో ‘రికవరీ’ ముఖ్యమైనది. దీన్ని 1937లో అమెరికాలోని షికాగోలో అబ్రహాం లో (1891–1954) అనే మానసిక వైద్యుడు స్థాపించాడు. ఆనాటి ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో పుట్టి, వియన్నాలో వైద్యం చదివి అమెరికాకు వలస వెళ్ళిన ఈయన, ఇలినాయ్ విశ్వవిద్యాలయపు మానసిక వైద్యసంస్థలో పనిచేస్తూ, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిన రోగులు మళ్ళీ జబ్బున పడకుండా ఉండేందుకు వారితో వారికే బృందాలు కట్టించాడు. 1950లో తన పద్ధతిని వివరిస్తూ ఒక గ్రంథం వెలువరించాడు. ఆయన మరణించిన తరువాత నాయకత్వం పూర్తిగా మాజీ రోగుల చేతికి వచ్చింది. మద్యపాన వ్యసనపరుల కోసం ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అంతకు రెండేళ్ళ ముందే, 1935లో పుట్టినా, దానిలోని ఆధ్యాత్మిక ధోరణి ‘రికవరీ’లో లేదు.

ఈ బృందాల సమావేశం పద్ధతి గమనించదగినది. సభ్యుడు తన జీవితకథ మొత్తం ఏకరువు పెట్టడానికి అక్కడ వీలులేదు. ఆ వారంలో జరిగిన ఒక చిన్న సంఘటనను, ఉదాహరణకు దుకాణంలో ఎవరో కసురుకోవడాన్నో, ఇంటికి రావలసినవారు ఆలస్యం కావడాన్నో, ఎన్నుకొని నాలుగు అంచెలలో చెప్పాలి: ఏం జరిగింది, అప్పుడు ఒంట్లో, మనసులో ఏ లక్షణాలు తలెత్తాయి, నేర్చుకొన్న సూత్రాలలో దేనితో తన స్పందనను గుర్తించి అదుపుచేసుకొన్నాడు, ఈ శిక్షణ లేని రోజులలో అయితే ఏం చేసి ఉండేవాడు. తరువాత మిగిలిన సభ్యులు కూడా అవే సూత్రాల పరిధిలో మాట్లాడాలి తప్ప సొంత సలహాలు ఇవ్వకూడదు. జబ్బు ఏమిటో నిర్ణయించడం, మందుల గురించి వ్యాఖ్యానించడం పూర్తిగా నిషిద్ధం. ఆందోళన లక్షణం బాధ పెడుతుందే తప్ప ప్రాణాపాయం తేదని పదేపదే అభ్యాసం చేయడం, ఫలితం ఎలా ఉన్నా చేసిన ప్రయత్నానికి తనను తాను మెచ్చుకోవడం ఆ సూత్రాలలో ప్రధానమైనవి. ఆలోచనను మార్చుకొంటే అనుభూతి మారుతుందనే సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్సను ఆరన్ బెక్ 1960లలో రూపొందించాడు. దాని సారంలో కొంత భాగం అంతకు పాతికేళ్ళ ముందే, రుసుము లేకుండా, తోచినంత చందాతో నడిచే ఈ సమావేశాలలో ఆచరణలో ఉండటం విశేషం. మానసిక వైద్యచరిత్ర అబ్రహాం లోకు ఇచ్చిన చోటు చాలా తక్కువ.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1957లో మొదలైన ‘గ్రో’, అమెరికాలోని మినెసోటాలో 1971లో ఏర్పడిన ‘ఎమోషన్స్ అనానిమస్’ ఈ కోవకు చెందిన ఇతర సంస్థలు.

పుస్తకం, దాని వెనుక మనిషి

స్వయంసహాయ సాధనాలలో ఎక్కువగా పరీక్షకు నిలిచింది పుస్తకం. 1980లో అమెరికా మానసిక వైద్యుడు డేవిడ్ బర్న్స్ రాసిన ‘ఫీలింగ్ గుడ్’ను రోగులకు ఇచ్చి, కొన్ని వారాల తరువాత లక్షణాలను కొలిచిన పరిశోధనలు తక్కువ, మధ్యస్థ స్థాయి కుంగుబాటులో మెరుగుదలను చూపించాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2003లో నీల్ ఫ్రూడ్ అనే మనస్తత్వవేత్త, వైద్యుడు మందుచీటీ మాదిరిగానే పుస్తకం పేరు రాసి ఇస్తే రోగి దాన్ని ప్రజా గ్రంథాలయంలో ఉచితంగా తీసుకొనే పథకాన్ని ప్రారంభించాడు. తరువాత ఇంగ్లండ్ అంతటా ఇటువంటి ఏర్పాటు వచ్చింది.

ఈ పుస్తకాలలోని అభ్యాసాలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది ప్రవర్తనా ఉత్తేజనం: కుంగిన మనిషి ఓపిక వచ్చాక పని చేద్దామని ఎదురుచూస్తాడు, పని లేకపోవడంతో సంతోషాన్నిచ్చే సందర్భాలు తగ్గి మరింత కుంగుతాడు, కాబట్టి గంటల వారీగా దినచర్య రాసుకొని, స్నానం చేయడం, వీధి చివరిదాకా నడవడం, ఒక బంధువుకు ఫోన్ చేయడం వంటి చిన్న పనులను మనసు సహకరించకపోయినా ముందే నిర్ణయించిన వేళకు చేస్తూ, ఆ పనికి ముందూ తరువాతా మనసు ఎలా ఉందో అంకెతో గుర్తించుకోవాలి. రెండవది భయానికి అంచెలంచెలుగా ఎదురునిలవడం: బస్సెక్కితే ఊపిరాడదని భయపడే వ్యక్తి మొదట బస్టాపులో నిలబడటం, తరువాత ఒక స్టేజీ వరకు తోడుతో వెళ్ళడం, ఆపైన ఒంటరిగా ప్రయాణించడం చేస్తూ, ప్రతి అంచెలోనూ దడ దానంతట అది తగ్గేవరకు అక్కడే ఉండాలి. తప్పించుకొన్న ప్రతిసారీ భయం బలపడుతుందన్నది దీని వెనుక ఉన్న సూత్రం. బాధ తీవ్రతను కొలుచుకొనేందుకు తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ–9, ఏడు ప్రశ్నల జీఏడీ–7 పత్రాలు తెలుగుతో సహా అనేక భాషలలో ఉచితంగా లభిస్తాయి. మొదటిదానిలో 27కు 10 లేదా అంతకు మించి వస్తే వైద్య పరీక్ష అవసరమని సాధారణంగా భావిస్తారు. ఇవి జబ్బును అనుమానించడానికి పనికివస్తాయే గాని నిర్ధారించవు.

సాధనం ఎంత మంచిదైనా ఒంటరిగా వదిలేస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో 691 మంది రోగులపై జరిగి 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. మామూలు వైద్యానికి తోడుగా కంప్యూటర్ పాఠాలు ఇచ్చినవారికీ, మామూలు వైద్యం మాత్రమే పొందినవారికీ మధ్య కుంగుబాటులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. చాలామంది ఆ పాఠాలను మధ్యలోనే వదిలేశారు. వారానికి ఒకసారి కొద్ది నిమిషాలు ఫోన్ చేసి ఎంతవరకు వచ్చారని అడిగే మనిషి ఉన్నప్పుడు, ముఖ్యంగా బాధ ఎక్కువగా ఉన్నవారిలో, ఫలితం మెరుగవుతుందని ఇతర పరిశోధనలు తెలుపుతున్నాయి. దీనినే మార్గదర్శక స్వయంసహాయం అంటారు.

హరారే బల్ల, గోవా సలహాదారులు

జింబాబ్వే రాజధాని హరారేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో 14 మంది అవ్వలతో ప్రారంభించిన ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’, డబ్బులేని దేశం నుంచి ధనిక దేశాలు కూడా స్వీకరించిన అరుదైన పద్ధతి. ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఒక చెక్క బల్ల మీద, సంఘంలో గౌరవం ఉన్న వృద్ధురాలు రోగి పక్కన కూర్చుని, అతిగా ఆలోచించడం అనే అర్థంలో షోనా భాషవారు ‘కుఫుంగిసిసా’ అని పిలిచే బాధను గురించి మాట్లాడుతుంది. సమస్యలన్నీ చెప్పించి, వాటిలో ఒకదాన్ని రోగి చేతనే ఎన్నిక చేయించి, దానికి చేయగలిగిన పనిని నిర్ణయించి, మరుసటి సమావేశంలో ఏమైందో అడగడం ఇందులోని ప్రక్రియ; ఆరు సమావేశాలు ఉంటాయి. తరువాత రోగులు ఒక తోటివారి బృందంలో చేరి, పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ మాట్లాడుకొంటారు, ఆ సంచులు నాలుగు డబ్బులూ తెస్తాయి. 24 ఆరోగ్య కేంద్రాలలో 573 మందిపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, ఆరు నెలల తరువాత బల్ల మీద కూర్చున్నవారి లక్షణాల సగటు 14కు 3.81 కాగా, మెరుగుపరచిన మామూలు వైద్యం పొందినవారిది 8.90.

భారతదేశంలో ఈ దిశగా ఎక్కువ కృషి జరిగినది గోవాలో. అక్కడి ‘సంగత్’ సంస్థ, మానసిక వైద్యంలో ఎటువంటి పట్టా లేని స్థానికులకు శిక్షణనిచ్చి, ఆరు నుంచి ఎనిమిది విడతలలో ప్రవర్తనా ఉత్తేజనాన్ని నేర్పే కార్యక్రమాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నడిపింది. విక్రమ్ పటేల్ బృందం 495 మందిపై జరిపిన ఈ ప్రయోగం 2017లో సఫలమైనట్లు ప్రకటితమైంది. సలహాదారులు తమ సంభాషణల రికార్డింగులను ఒకరివి ఒకరు విని మార్కులు వేసుకొనేవారు. ప్రతిదానికీ నిపుణుడి మీద ఆధారపడకుండా నాణ్యత కాపాడుకొన్న ఈ ఏర్పాటు, చికిత్స కన్నా తక్కువగా చర్చకు వచ్చినా, దానికన్నా తక్కువ ముఖ్యమైనది కాదు. గర్భిణులు, బాలింతల కుంగుబాటుకు తోటి తల్లులనే ‘సఖులు’గా పంపిన మరో ప్రయోగంలో కోలుకొన్నవారి సంఖ్య పెరిగినా లక్షణాల సగటు తీవ్రతలో స్పష్టమైన తేడా రాలేదు. మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో మొదలై గుజరాత్‌లోని మెహ్‌సాణాకు విస్తరించిన ‘ఆత్మీయత’ కార్యక్రమం గ్రామ వాలంటీర్లతో నాలుగు నుంచి ఆరు విడతల ఆసరా ఇప్పిస్తుంది.

తెలుగు ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లాలో ‘జార్జ్ ఇన్‌స్టిట్యూట్’ చేపట్టిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పథకంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లతో ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నపత్రాల ద్వారా కుంగుబాటు, ఆందోళన ఉన్నవారిని గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి వద్దకు పంపి, తరువాత వారి బాగోగులు విచారించేవారు. మానసిక వ్యాధి పట్ల ఉన్న చిన్నచూపును తగ్గించేందుకు ప్రచారం కూడా సాగింది. తరువాత హర్యానాను కూడా కలుపుకొని పెద్ద ఎత్తున జరిగిన పరీక్షలో కుంగుబాటు తగ్గినట్లు వెల్లడైంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలోను, హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నంలలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలలోను ఉచితంగా సంప్రదింపులు, మందులు లభిస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలి మానస్’లో 14416 నంబరుకు ఏ వేళనైనా రుసుము లేకుండా ఫోన్ చేసి తెలుగులో సలహాదారుతో మాట్లాడవచ్చు, బస్సు ఛార్జీ, పోయిన కూలి, నలుగురి చూపు అనే మూడు అడ్డంకులూ దీనికి లేవు.

డ్వాక్రా సంఘాల నిర్మాణం ఊరూరా ఉంది కాబట్టి తోటివారి ఆసరాను వాటికే అప్పగించవచ్చన్న ఆలోచన సహజంగానే తడుతుంది. నియమిత సమావేశం, పరస్పర పరిచయం అనుకూలించే అంశాలే. అయితే ‘రికవరీ’ సమావేశానికి వచ్చేవారిలో చాలామంది ఒకరికొకరు అపరిచితులు. డ్వాక్రా సభ్యులు ఒకే వీధివారు, ఒకరి అప్పుకు ఒకరు బాధ్యులు, తరచు బంధువులు. వాయిదా కట్టలేక నిద్రపట్టని మనిషి ఆ మాటను అదే సంఘంలో చెప్పుకోలేదు. కనుక ఆ వేదికను అవగాహనకు, గుర్తింపుకు వాడి, మాట్లాడుకోవడానికి వేరే చోటు చూపడం మేలు.

హద్దులు

చనిపోవాలన్న ఆలోచనలు, లేని మాటలు వినిపించడం, కొద్ది రోజులు విపరీతమైన ఉత్సాహం తరువాత కుంగిపోవడం, తిండి మానేయడం ఉన్నప్పుడు పుస్తకం గానీ బృందం గానీ చాలవు. వెంటనే వైద్యుడిని కలవాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా కుంగుబాటును పోలిన నీరసాన్ని కలిగిస్తాయి కాబట్టి రక్త పరీక్ష అవసరం కావచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల నుంచి మానసిక వైద్యం పొందే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని, విరుద్ధంగా రుజువైతే తప్ప, తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించి శిక్షించరాదని అదే చట్టం చెబుతుంది. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్ళని కుటుంబాలకు ఈ సంగతి తెలియవలసి ఉంది.

నమ్మదగని బృందాన్ని గుర్తించడం అంత కష్టం కాదు. మందులు మానేయమని చెప్పేది, కోలుకోవడానికి గడువు పెట్టి హామీ ఇచ్చేది, శిబిరం తరువాత శిబిరానికి రుసుము పెంచుకొంటూ పోయేది, ఒకరి మాటలను బయట చెప్పేది విడిచిపెట్టదగినది. కుంగుబాటు మందుల ప్రభావం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది; వికారం, నిద్రమత్తు వంటి ఇబ్బందులు మాత్రం మొదటి రోజులలోనే వస్తాయి. పని చేయడం లేదన్న నిరాశతో మందు ఆపేసే ప్రమాదం ఉన్నది ఈ వ్యవధిలోనే. అదే మందు వాడి, ఆ వారాలు గడిపి కోలుకొన్న తోటి మనిషి తన అనుభవం చెప్పి, మానేసే ముందు వైద్యుడితో మాట్లాడమనడం ఆ దశలో వీలైన సహాయం. మోతాదు మార్చడం, మందు ఆపడం మాత్రం వైద్యుడి పనే.