పక్క తడిపే పిల్లలు: ఒక వైద్య చరిత్ర

నిజామాబాదు జిల్లా సిరికొండ ప్రాంతపు పల్లెలలో బడి ఈడు పిల్లవాడు రాత్రి పక్క తడిపితే, తెల్లవారి బొంత ఎండలో పడుతుంది, వానికి నాలుగు చీవాట్లు పడతాయి. ఇంటిలో ఉన్నంత కాలం ఇది ఇంటి గుట్టు. ఐదవ తరగతిలో గురుకుల పాఠశాలకు పోవలసి వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. నలుగురి నడుమ పడుకోవలసిన పిల్లవాడు సాయంత్రం నుండి నీరు త్రాగడు, నిద్రకు జంకుతాడు, చివరకు హాస్టలే వద్దని మొండికి వేస్తాడు. వాని వెనుకబాటుకు కారణం లెక్కలలోనో ఇంగ్లీషులోనో వెదికే ఉపాధ్యాయునికి ఈ సంగతి తట్టనే తట్టదు.

ఐదేళ్ల పిల్లలలో నూటికి సుమారు 15 మంది పక్క తడుపుతారు. పదేళ్ల వయసుకు ఈ సంఖ్య 5కు దిగుతుంది. పెద్దవారిలో సైతం నూటికి ఒకరికి కొంచెం తక్కువగా ఈ బాధ మిగిలి ఉంటుంది. అనగా పక్క తడిపే పిల్లలలో ఏటా నూటికి 15 మందికి ఏ మందూ లేకుండానే నయమవుతున్నది. ఈ చిన్న లెక్కను గుర్తుంచుకొంటే ఈ వ్యాధి చరిత్రలోని వింతలు చాల వరకు బోధపడతాయి. ఏ తాయెత్తు కట్టినా, ఏ పసరు పోసినా కొందరికి గుణం కనిపించక తప్పదు. ఆ కొందరి పేరు చెప్పుకొనే ఎన్నో చికిత్సలు వేల ఏండ్లు బ్రతికినవి.

క్రీ. పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్యగ్రంథమైన ఈబర్స్ పపైరసులో పిల్లల మూత్రపు జారుకు జూనిపర్ కాయలు, సైప్రస్, బీరు కలిపిన మందు ఉన్నది. క్రీ. శ. మొదటి శతాబ్దంలో రోమను పండితుడు ప్లినీ ఉడికించిన ఎలుకలను తినిపించడం గురించి వ్రాసినాడు. పదహారవ శతాబ్దంలో పిల్లల వ్యాధులపై ఇంగ్లీషులో పుస్తకం వ్రాసిన థామస్ ఫేయర్ కోడిపుంజు గొంతుకను పొడి చేసి ఇమ్మన్నాడు. మన దేశంలో శార్ఙ్గధర సంహిత బాలరోగాల పట్టికలో శయ్యామూత్రాన్ని చేర్చినది. మందుల మాట ఎట్లున్నా, ఈ పట్టికలో చోటు దొరకడమే గమనించదగినది. పక్క తడపడం నేరాల జాబితాలో కాక రోగాల జాబితాలో చేరినది. ఆ తరువాతి కాలపు వైద్యులందరూ ఈ పాటి దయ చూపలేదు. పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో వీపు దిగువన బొబ్బలు లేపడం, మూత్రద్వారాన్ని బిగించే పరికరాలు తగిలించడం చికిత్సలుగానే చెల్లినవి. ఆ కాలపు మందులలో బెల్లడోనా ఒక్కటే కొంత మేలు. అందులోని ఆట్రొపిన్ మూత్రాశయపు కండరాన్ని సడలిస్తుంది.

అసలు మలుపు 1904లో, అదీ అనుకోకుండా వచ్చినది. ఆస్ట్రియా శిశువైద్యుడు ఫౌండ్లర్ ఆసుపత్రిలో పిల్లల పక్కబట్టలు తడిసిన వెంటనే నర్సులకు తెలియడానికి ఒక విద్యుత్ గంటను అమర్చినాడు. బట్టలు త్వరగా మార్చించడమే ఆయన ఉద్దేశం. కాని గంట మ్రోగే పక్కలపై పడుకొన్న పిల్లలు క్రమంగా పక్క తడపడం తగ్గించినారు. నర్సుల కొరకు పెట్టిన గంట పిల్లలకు మందయినది.

దీనిని చికిత్సా పద్ధతిగా తీర్చినవారు అమెరికాకు చెందిన మౌరర్ దంపతులు. 1938లో వారు ప్రకటించిన పరికరం ఎంతో సులభమైనది. రెండు లోహపు వలల నడుమ దళసరి నూలుగుడ్డ ఉంటుంది. పొడిగుడ్డ విద్యుత్తును ప్రసరింపనీయదు. మూత్రంలో లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి గుడ్డ తడవగానే వలయం పూర్తియై గంట మ్రోగుతుంది. పిల్లవాడు లేచి మూత్రవిసర్జనకు పోతాడు. 30 మంది పిల్లలపై ఈ పద్ధతిని ప్రయోగించగా అందరికీ గుణం కనిపించినదని వారు వ్రాసినారు. పావ్లోవ్ కుక్క గంటకు లాలాజలం కార్చడం నేర్చినట్లే, ఇచ్చట నిండిన మూత్రాశయమే గంటకు బదులు మేల్కొలుపుతున్నదని వారి వివరణ. వివరణలో ఒక లోపం లేకపోలేదు. నయమైన పిల్లలలో అనేకులు రాత్రి లేవడం నేర్చుకోరు, తెల్లవార్లూ పొడిగా నిద్రపోతారు! వివరణ తడబడినా గంట మాత్రం నిలిచినది. నేటికీ ఇది మొదటి వరుస చికిత్సే. రెండు మూడు నెలల ఓర్పు మాత్రం కావాలి.

ఆ రోజులలోనే మనోవిశ్లేషణవాదులు దీనిని అణగిన మానసిక సంఘర్షణకు గుర్తుగా భావించినారు. గంటతో దీనిని మాన్పితే ఆ సంఘర్షణ మరొక రూపంలో పైకి వస్తుందని భయపడినారు. అట్లు జరగలేదు. నయమైన పిల్లలలో ఉత్సాహం పెరిగినది. కలత చాలవరకు వ్యాధికి ఫలితమే. ఐతే ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న బిడ్డ మరల పక్క తడపడం మొదలిడితే ఇంటిలో జరిగిన మార్పును తప్పక విచారించాలి. తండ్రులు గల్ఫు దేశాలకు వలసపోయే నిజామాబాదు పల్లెలలో ఈ విచారణ మరీ అవసరం.

మూత్రపిండాల వైపు నుండి మరొక వెలుగు వచ్చినది. మెదడు అడుగున పుట్టి పీయూషగ్రంథి నుండి విడుదలయ్యే వాసోప్రెసిన్ అనే హార్మోను, మూత్రంలోని నీటిని మరల రక్తంలోనికి చేర్పిస్తుంది. ఈ హార్మోనును ప్రయోగశాలలో తయారుచేసిన వారిలో ముఖ్యుడైన డు విగ్నోకు 1955లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి లభించినది. సాధారణంగా రాత్రివేళ ఇది ఎక్కువగా ఊరి మూత్రం తగ్గుతుంది. పక్క తడిపే పిల్లలలో కొందరికి ఈ రాత్రి పెరుగుదల లేదని 1980 దశకంలో డెన్మార్కులోని ఆర్హుస్ వైద్యులు నోర్‌గార్డ్, రిటిగ్ మొదలగువారు చూపినారు. అటువంటివారికి డెస్మోప్రెసిన్ మాత్ర పనిచేస్తుంది. అది తీసుకొన్న రాత్రి నీరు మితంగా త్రాగాలి, లేనిచో రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చును. వంశపారంపర్యం సంగతి కూడ తేలినది. తల్లిదండ్రులిద్దరూ బాల్యంలో పక్క తడిపినవారైతే నూటికి 77 మంది పిల్లలకు, ఒక్కరే ఐతే సుమారు 44 మందికి ఈ బాధ ఉన్నదని అమెరికా వైద్యుడు బాక్విన్ లెక్కించినాడు. అనగా తిట్టే తండ్రి తన బాల్యపు ఊసును ఒకసారి తన తల్లిని అడిగి తెలుసుకోవడం మంచిది.

నేటి పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఐదేళ్లు నిండకముందు దీనిని వ్యాధిగా లెక్కించరు. ఆ పైన ఒక నోటుబుక్కు, ఒక కొలపాత్ర, ఒక త్రాసు చాలును. ఏడు రాత్రులు తడిసినదీ లేనిదీ వ్రాయాలి. రెండు పగళ్లు త్రాగిన నీటిని, విడిచిన మూత్రాన్ని కొలవాలి. వయసుకు ఒకటి కలిపి 30తో గుణిస్తే మూత్రాశయం పట్టవలసిన పరిమాణం మిల్లీలీటర్లలో వస్తుంది. ఏడేళ్ల బిడ్డకు 240. రాత్రి తడిసిన గుడ్డ బరువులో నుండి పొడిగుడ్డ బరువు తీసివేసి, గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున ఉదయపు తొలి మూత్రంతో కూడితే రాత్రి మూత్రం తెలుస్తుంది. అది 312 మి.లీ. దాటితే, అనగా 240కి నూటికి 130 వంతులు మించితే, రాత్రి మూత్రం ఎక్కువ తయారవుతున్నదన్నమాట. పగటి కొలతలన్నీ 240కి బాగా తక్కువైతే తప్పు మూత్రాశయానిది.

మలబద్ధకం ఉన్నదా అని అడగడం చాలామంది మరచిపోతారు. నిండిన పెద్దప్రేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది, దానిని సరిచేస్తేనే కొందరికి పక్క తడపడం ఆగిపోతుంది. గోదావరికి ఆవలి పాత ఆదిలాబాదు జిల్లా గోండు పిల్లలలో కొడవలికణ రక్తహీనతను కూడ తలచాలి. ఆ వ్యాధిలో మూత్రపిండం మూత్రాన్ని చిక్కబరచలేదు. కొత్తగా పక్క తడుపుతూ, విపరీతంగా దాహమై, చిక్కిపోతున్న బిడ్డకు అదే రోజు రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. మూత్రంలో మంట, పగలు కూడ బట్టలు తడపడం, నడకలో తేడా ఉన్నచో నోటుబుక్కు నిండేవరకు ఆగక వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.