లేపాక్షి చిత్రాలలో అంతర్మందిర దర్శనం



లేపాక్షి అనగానే మనకు ఏకశిలా నందీశ్వరుడు, వ్రేలాడే స్తంభం జ్ఞప్తికి వస్తాయి. ఆలయంలో అడుగిడినవారిలో తలయెత్తి పైకప్పును చూచేవారు కొద్దిమందే. అచ్యుతదేవరాయలవారి పాలనాకాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పూనికతో రూపుదిద్దుకొన్న ఈ వీరభద్రాలయంలో పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం మున్నగు గాథలు కప్పుమీదనే చిత్రితమై ఉన్నాయి.

నాలుగు గోడల నడుమ జరిగే వృత్తాంతాన్ని చదునైన సున్నపుపూతపై చూపడం ఎట్లా? చిత్రకారులందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. 15వ శతాబ్దంలో ఇటలీ చిత్రకారులు దీనికొక మార్గం కనుగొన్నారు. చూపరి ఒకేచోట కదలక నిలిచినట్లు భావించి, లోపలికి సాగే గీతలను దూరాన ఒక బిందువులో కలిపారు. మనవారి త్రోవ వేరు. అది అజ్ఞానంవల్ల కాదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం క్షయవృద్ధులను, అనగా చూపును బట్టి అంగాలు కుదించుకొనడాన్నీ విస్తరించడాన్నీ, ఏనాడో బోధించింది. నాట్యం నేర్వనిదే చిత్రం పట్టుబడదని కూడ ఆ గ్రంథాశయం.

లేపాక్షిలో దూలాల నడుమ కథ పట్టెలుగా సాగుతుంది; చూపరి నడుస్తూ చూడవలసిందే. ఒకచోట నిలిచిన కంటికొరకు గీచినవి కావవి. మూర్తులు ప్రక్కచూపుతో వరుసదీరి ఉంటాయి. ఎవరు ఎవరివైపు చూస్తున్నారో, ఏ చేయి ఎటు చాచినదో, దానినిబట్టియే చోటు ఏర్పడుతుంది. మనకు అడ్డువచ్చే గోడను చిత్రకారుడు గీయనే లేదు. కనుక మనం గడప వెలుపల నిలిచి తొంగిచూచేవారం కాము. పెండ్లికి పిలువబడిన చుట్టాలమే. కుళ్ళాయిలు ధరించిన ఆ సోదరులు సైతం పరివారంతో స్వామిని అర్చిస్తూ ఆ చిత్రాలలోనే చోటు చేసుకొన్నారు.

సోదరులారా! ఆ చిత్రాలలో అనేక భాగాలు నేడు వెలిసిపోయాయి. పోయిన గీతను తిరిగి గీయగల ఆ చేతులు లేవు. పొగ సోకనీయక, స్తంభాలపై పేర్లు చెక్కక, పిల్లలకు తలయెత్తి చూడడం నేర్పుదాం. గర్భాలయంలో స్వామిని దర్శించే కన్నే పైకప్పునూ దర్శించినప్పుడు యాత్ర సంపూర్ణమవుతుంది.

శుభం భూయాత్.