ఎంపిక చేసిన పెద్దల తదుపరి కొలువు

ఎందరికో కొలువులిచ్చిన సర్వీసు కమిషన్ సభ్యునకు, తన పదవి ముగిసిన పిమ్మట మరియొక కొలువు దొరకునా? 1926 అక్టోబరు 1న మన తొలి పబ్లిక్ సర్వీసు కమిషన్ ఏర్పడెను. 1935 నాటి చట్టము ఫెడరల్ కమిషన్ అధ్యక్షునకు ఆపై సర్కారు కొలువును నిషేధించెను. సభ్యునకు మాత్రము గవర్నరు జనరలు సమ్మతించినచో దొరకెడిది. పై వారి దయకై ఎదురుచూచువాడు నిష్పక్షపాతముగా ఎంపిక చేయగలడా? 1950 నాటి రాజ్యాంగము 319వ అధికరణముతో ఆ సందును గూడ మూసివేసెను.

మిగిలినది ఒక కమిషన్ నుండి మరియొక కమిషన్‌కు పోవు దారియే. రాష్ట్ర సభ్యుడు ఏ రాష్ట్ర కమిషన్‌కైనను అధ్యక్షుడు కావచ్చును, లేదా ఢిల్లీకి రావచ్చును. ఇచట వయఃపరిమితి 65 ఏండ్లు. రాష్ట్రములలో మొదట 60, 1976 సవరణ పిమ్మట 62. విశ్రాంతికి చేరువైన వానికి ఈ లెక్క చిన్నది కాదు. కేంద్ర సభ్యునకు రాష్ట్రాధ్యక్షత పెద్ద కుర్చీయే, కాని మూడేండ్లు ముందుగా దిగవలెను. కేంద్రాధ్యక్షునకో, అట్టి దారియు లేదు.

రాజస్థాన్ కమిషన్ సభ్యుడుగా నుండిన రఘుకుల్ తిలక్ ఆ రాష్ట్రమునకే గవర్నరు కాగా వివాదము లేచినది. గవర్నరు పదవి భారత ప్రభుత్వ కొలువు కాదని 1979లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.