అరుగు మీద ఎర్రగీత

"వీధి వెడల్పు చేస్తారట" అన్న మాట ఊళ్లో పుట్టగానే ముందుగా బెంగపడేది ఆడవాళ్లే. మగవాళ్లకి అది మాస్టర్ ప్లానూ, కౌన్సిల్ తీర్మానమూను. మనకో, వీధరుగూ, అరుగు పక్క నందివర్ధనం చెట్టూ, పొద్దున్నే ముగ్గేసుకునే కాస్త జాగాను. టేపు పట్టుకొచ్చినవాళ్లు గోడ మీద ఎర్రరంగుతో ఓ గీత గీసి, పక్కన ఓ అంకె వేసి పోతారు. ఆ అంకెకి అర్థమేమిటి నాయనా అంటే, "నోటీసొస్తుంది లెండమ్మా" అంటారు.

ఆ ఎర్రగీత ఎక్కడ కనిపించినా నాకొక సందేహం వస్తుంది. అసలు మన వీధులు ఇంత ఇరుగ్గా ఎందుకు పుట్టాయి? పెద్దలకి ముందుచూపు లేకనా?

పెద్దాపురాన్నే తీసుకోండి. ఇవాళ కాకినాడ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు వత్సవాయి వారి సంస్థానానికి రాజధాని. ఆనాటి వీధికి లారీ తెలీదు, బస్సు తెలీదు. ఎడ్లబండీ, పల్లకీ, అమ్మవారి ఊరేగింపూ సాగిపోతే వీధి చాలినట్టే. చూరులు రెండూ దగ్గర దగ్గరగా ఉంటే రోహిణీకార్తెలో నడిచేవాళ్లకి కాస్త నీడ కూడాను. పైగా పట్టునేతకి పేరుపడ్డ ఊరది. నేతపేటల్లో వీధంటే పడుగు పొడుగ్గా సాగదీసుకునే పనిచోటు కూడా. ఇక అరుగు సంగతి చెప్పేదేముంది! పంతులుగారి బడి అరుగు మీదే. బాటసారి నడుం వాల్చేది అరుగు మీదే. గాజుల మలారం దిగేదీ అక్కడే. వీధిలోకి దిగకుండా వీధిని చూడాలంటే ఆ కాలపు ఇల్లాలికి కిటికీ, అరుగూ తప్ప మూడో చోటు లేదు.

అయితే వీధి ఎన్నటికీ మారకూడదని నేననను. పురిటినొప్పులు పడుతున్న కోడలి కోసం వచ్చిన అంబులెన్సు సందు మొగలో ఆగిపోతే, మంచాన్ని నలుగురు మోసుకెళ్లాల్సి వస్తే, అప్పుడు అరుగు అందం ఎవరికి కావాలి? రైలు సామర్లకోటదాకా వచ్చింది గాని పెద్దాపురం గడప తొక్కలేదు. అంచేత ఈ ఊరికి ఎప్పుడూ రోడ్డే దిక్కు. వెడల్పు చేయాలా వద్దా అన్నదానికంటే, ఎంతమేర, ఎవరి వైపు నుంచి, ఏమిచ్చి అన్నవే జనం అడిగే ప్రశ్నలు.

ఈ ప్రశ్నలు కొత్తవేం కావు. పెద్దాపురం మునిసిపాలిటీ ఏర్పడింది 1915లో. చిత్రంగా అదే ఏడు, అదే మద్రాసు రాజధానిలో, ఒక స్కాట్లండు పెద్దమనిషి ఇదే గొడవ మీద ఊరూరా తిరుగుతున్నాడు. పేరు పాట్రిక్ గెడ్డెస్. చదివింది జీవశాస్త్రం, మనసు పడింది ఊళ్ల మీద. గవర్నరు లార్డ్ పెంట్లండ్ పిలిస్తే 1914లో వచ్చాడు. ఆయన సరంజామా, పటాలూ బొమ్మలూ, వెనకాల ఓడలో వస్తుంటే ఎండెన్ యుద్ధనౌక ముంచేసింది. మద్రాసు మీద గుళ్లు కురిపించిన ఎండెనే!

తంజావూరులో అధికార్లు ఇరుకు పేటల మధ్యనుంచి తిన్నగా కొత్త వీధులు కొట్టాలని ప్లాను వేశారు. గెడ్డెస్ సందు సందూ నడిచి చూశాడు. ఎక్కడ పాడుబడ్డ కొంప ఉంది, ఎక్కడ ఖాళీ దొడ్డి ఉంది, ఏ మూల కొద్దిగా విప్పితే గాలి ఆడుతుంది అని లెక్క వేసుకున్నాడు. పడగొట్టక తప్పనివి ఏవో కొన్నే అని తేల్చాడు. కాపాడుతూ చేసే శస్త్రచికిత్స అన్నమాట. ఖర్చు చూడబోతే మొదటి అంచనాలో ఆరో వంతు! స్కేలు పెట్టి గీసిన గీతకీ, కాళ్లతో తిరిగి గీసిన గీతకీ అంత తేడా.

ఇహ డబ్బు మాట. ఇది మన ఇళ్లలో మగవాళ్లు "నీకెందుకు" అని దాటేసే సంగతి, అందుకే చెబుతున్నా. 1894 నాటి భూసేకరణ చట్టంలో 'సొలేషియం' అని ఒక మాట ఉంది. అంటే ఓదార్పు సొమ్ము. ఇష్టం లేకుండా తీసుకున్నందుకు విలువ మీద నూటికి 15 అదనం. 1984లో దాన్ని 30 చేశారు. 2013 చట్టంలో ఏకంగా 100 అయింది. లక్ష విలువ కడితే మరో లక్ష ఓదార్పు. వినడానికి బాగానే ఉంది. అయితే పట్టణాల్లో వీధి వెడల్పుకి రొక్కం బదులు టీడీఆర్ బాండు ఇవ్వడమూ ఉంది. ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం అది, లేదా అమ్ముకోవచ్చు. మేడ వేసే ఉద్దేశమే లేని ముసలావిడ ఆ కాగితం కొనేవాణ్ణి ఎక్కడని వెతుక్కుంటుంది? దస్తావేజు చూస్తే పోయిన మామగారి పేరునే ఉంటుంది. అరుగేమో దస్తావేజు హద్దు దాటి వీధిలోకి వచ్చిందంటారు. వీధిలోకి చొచ్చుకొచ్చినవాటిని నోటీసిచ్చి తీయించే అధికారం 1920 నాటి మునిసిపాలిటీల చట్టంలోనే ఉంది మరి. దానికి ఓదార్పూ లేదు, బాండూ లేదు. నోటీసు చేతికి రాగానే దస్తావేజు తీసి, కొలత వీధి నడిమధ్య నుంచి వేశారో ఒక పక్కనుంచే వేశారో చూసుకుని, గడువు లోపల అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు పుచ్చుకోవడం మేలు. నోటిమాటగా మొరపెట్టుకుంటే ఫైలులోకి ఎక్కదు.

గెడ్డెస్ దొర సంగతి ఇంకొకటుంది. తర్వాత ఇందూరు సంస్థానం వెళ్లాడు. అక్కడ ప్లేగు. జనానికి ఉపన్యాసం ఇవ్వలేదు. దీపావళికి పెద్ద ఊరేగింపు తీస్తామనీ, ఏ వీధులు బాగా శుభ్రంగా ఉంటే వాటిమీదుగానే వెళుతుందనీ చాటించాడు. ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతర చూసినవాళ్లకి ఈ కిటుకు ఇట్టే తెలుస్తుంది. అమ్మవారు మన వీధిన వస్తోందంటే గుమ్మం కడగని ఇల్లాలుంటుందా! ఇందూరులో బళ్లకొద్దీ చెత్త కదిలింది, గోడలకి సున్నాలు పడ్డాయి. ఊరేగింపులో పెద్ద పెద్ద ఎలకల బొమ్మలూ దోమల బొమ్మలూ నడిచాయి. చిట్టచివర వచ్చిన బండి మీంచి ఇంటింటికీ చిన్న కుండీల్లో తులసిమొక్కలు పంచిపెట్టారు, వేలకొద్దీ.