ఇప్పపూవు - ఆబ్కారీ శాసనము

ఫాల్గుణము గడచి చైత్రము ప్రవేశించునప్పటికి ఆదిలాబాదు, భద్రాచలము, రంపచోడవరము ప్రాంతముల అడవులలో ఇప్పచెట్టు తన ఆకులను దాదాపుగా రాల్చివేసి, కొమ్మల కొనలయందు తుప్పువన్నె మొగ్గలను గుత్తులు గుత్తులుగా దాల్చి నిలుచును. ఆ మొగ్గను చేతిలోనికి తీసికొని చూచినవారికి ఒక విశేషము కన్పట్టును. లోపలి దళములు ఇంకను విచ్చుకొనకముందే సన్నని కీలము మొగ్గ మొనను దాటి వెలుపలికి పొడుచుకొని వచ్చి, పుప్పొడికై సిద్ధముగా నుండును. స్త్రీభాగము ముందు పక్వమగుటయు, పుప్పొడి తరువాత వెలువడుటయు జరుగుటచేత, ఆ పూవు తన పుప్పొడితో తాను ఫలించుటకంటె వేరొక చెట్టునుండి వచ్చిన పుప్పొడిని గ్రహించుటకే ఎక్కువ వీలు కలుగుచున్నది.

ఆ పుప్పొడిని తెచ్చువారిలో ముఖ్యులు గబ్బిలములు. ఇప్పపూవు దళములు విడివిడిగా నుండక ఒండొంటితో కలసి, మీగడవన్నె గల చిన్న కుండవలె, దళసరియై, తియ్యని రసముతో నిండియుండును. ఇరువదికి పైబడిన కేసరములు ఆ కుండ లోపలి గోడకే అంటియుండును. చీకటి పడిన పిదప చిన్నజాతి గబ్బిలములు మొదలుకొని రెక్కచాపు నాలుగడుగులు గల పెద్ద గబ్బిలము వరకు ఆ గుత్తులపై వ్రాలి, మూతిని దూర్చి, ఆ తియ్యని కండను పెరికి నోటకరచుకొని పోవును. మూతికిని మెడకును అంటిన పుప్పొడి తరువాతి చెట్టున పొడుచుకొనియున్న కీలాగ్రమునకు తగులును. ఎవరును పెరుకని పూలు వేకువజామున తామే టపటప రాలును. రాలునది తియ్యని కండయు దానికంటిన కేసరములును మాత్రమే. అండాశయమును కీలమును రక్షకపత్రములతో కూడ కొమ్మనే నిలిచి, జ్యేష్ఠాషాఢములనాటికి కాయయగును.

ఇప్పపూల సేకరణచరిత్రను అర్థము చేసికొనుటకు ఈ సంగతి తెలియుట అత్యావశ్యకమని నా విశ్వాసము. గోండు స్త్రీగాని కోయ స్త్రీగాని తెల్లవారకమునుపే బుట్ట చేతబట్టి చెట్టుక్రింద ఏరుకొనునది, చెట్టు తన పని ముగించుకొని విడిచిపెట్టిన భాగము. మామిడిపూతను దులిపినచో కాయ పోవును. ఇప్పపూవును ఎంత ఏరినను కాయకు లోటు రాదు. తొలిపూతను దైవమునకు నివేదింపక నోట వేసికొనరాదను కట్టుబాటు ఆ జాతులలో చిరకాలముగ నున్నది. ఎండబెట్టిన పూలను నలిపి కేసరములు తొలగించి, వండుకొని తినుటయు, పిండితో కలిపి రొట్టె కాల్చుకొనుటయు, ఊరబెట్టి సారా తీయుటయు ఒకే బుట్టనుండి జరుగుచుండెడివి. 1873-74లో బీహారు ప్రాంతమున కరవు వచ్చినపుడు, ఆ యేడు విరగబూసిన ఇప్పపూలే వేలాది పేదల ప్రాణములు నిలిపినవి.

పూర్వులకు ఈ వృక్షము అపరిచితము గాదు. అమరసింహుడు దీనిని గుడపుష్పమనియు మధుద్రుమమనియు పేర్కొనెను; కాళిదాసు ఇందుమతి స్వయంవరమున ఆమె చేత మధూకమాలనే, అనగా ఇప్పపూల దండనే, యుంచెను. ఆంగ్లేయులలో ఛార్లెస్ హామిల్టను 1788లో ఏషియాటిక్ రిసర్చెస్ తొలి సంపుటమున ఈ చెట్టును వర్ణించెను. సామర్లకోటలో తోటను పెంచి, దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించిన విలియం రాక్స్‌బరో 1795లో కోరమాండల్ తీరపు మొక్కలపై వెలువరించిన గ్రంథమున దీనికి పటముతో సహా స్థానమిచ్చెను. వారు చెట్టును చెట్టుగా చూచిరి.

తరువాతి పాలకులు దానిలో సారాను మాత్రమే చూచిరి. రంపదేశమున కల్లుగీతపై విధించిన చిగురుపన్ను 1879 నాటి ఫితూరీకి ప్రధానకారణములలో నొకటియైనను, ప్రభుత్వమునకు కనువిప్పు కలుగలేదు. మదరాసు ఆబ్కారీ చట్టము 1886లో వచ్చెను. 1892లో బొంబాయి ప్రభుత్వము ఇప్పపూవును పేరుపెట్టి ప్రత్యేకముగా ఒక శాసనమునే చేసి, దొంగసారాను అరికట్టుటకై ఆ పూల సేకరణను, నిల్వను, అమ్మకమును కట్టడి చేసెను. ఆ పూవు మనుష్యులకును పశువులకును ఆహారమను వాదము ఆ శాసనమును ఆపజాలలేదు. చెట్టు నేలపై రాల్చిన పూవును ఏరుకొన్నందుకు పేదవాడు నేరస్థుడగుటకంటె గొప్ప అన్యాయము నాకు తోచదు. నైజాము రాజ్యమున ఇదే పూవు ఖజానా సారాకు ముడిసరుకై ఆదాయము తెచ్చిపెట్టుచుండెను. వేరొకరి బట్టీకి ఎక్కినచో అదియే దోషము.

పూవునకు పట్టిన గతియే పుప్పొడిని మోయు ప్రాణికిని పట్టెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము పండ్లు తిను గబ్బిలములను, ఒకటి రెండు జాతులు తప్ప, ఎలుకలతోను కాకులతోను చేర్చి చంపదగిన హానికర జంతువుల పట్టికలో వ్రాసెను. ఇప్పచెట్టు పుష్పించునపుడు పుప్పొడి మోసి, పండు పండినపుడు గింజలను దూరమునకు కొనిపోవు ప్రాణి అర్ధశతాబ్దికాలము ఆ పట్టికలోనే యుండెను. 2022 నాటి సవరణతో ఆ పట్టికయే రద్దయ్యెను.

అయినను ఇప్పచెట్టునకు నేడు నిజమైన లోటు పూల సేకరణలో గాక వేరొకచోట కలదు. రాలిన పూలు ఆకుల నడుమ కనబడవని చెట్టుక్రింది చెత్తకు నిప్పంటించు అలవాటు చాలచోట్ల నున్నది. ఆ మంట క్రిందటి యేడు మొలచిన పిలకలను కాల్చివేయును. వానకారున రాలు పండ్లలోని పలుకులు కొలదివారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. అవియును నూనెకై గంపలకెత్తబడుటచే నేలలో మిగులునవి స్వల్పము. అందుచేతనే అనేక పొలిమేరలలో ముదిచెట్లు నిలిచియుండ, వాటిక్రింద పిల్లచెట్టు ఒక్కటియైనను కానరాదు. ఉట్నూరులో గిరిజన స్త్రీలు ఇప్పపూల లడ్డూలు చేసి అమ్ముచుండగా, ఆ పూవునకు సారా బట్టీకి వెలుపల మరల ఒక విలువ ఏర్పడుచున్నది. ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల చెట్టుక్రింద వలకట్టి, పూవును మన్నంటకుండ పట్టుచున్నారు. వల కట్టినచోట నిప్పు పెట్టవలసిన పనిలేదు.