బొమ్మకు గుర్తింపు.. ఆటకేదీ రక్షణ?

ధర్మవరం: తోలుబొమ్మలకు దేశమంతటా పేరుగాంచిన నిమ్మలకుంటలో మేకతోలుపై ఉలి చప్పుడు నేటికీ వినిపిస్తోంది. అయితే అక్కడ రూపుదిద్దుకుంటున్న వాటిలో తెరపై ఆడేవి తక్కువ, ఇళ్లలో అలంకరణకు వాడే దీపపు గొడుగులు, గోడబొమ్మలు ఎక్కువ. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని ఈ గ్రామానికి గుర్తింపు కొరవడలేదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008-09లో భౌగోళిక గుర్తింపు (జీఐ) లభించింది. గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు కేంద్రం 2020లో పద్మశ్రీ ప్రకటించింది.

చట్టం చూసేది సరుకునే

1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. వ్యవసాయోత్పత్తులు, సహజ, తయారీ వస్తువులు, హస్తకళలు, ఆహార పదార్థాలే దాని పరిధిలోనివి. ఆ పేరుతో ఎవరైనా నకిలీ బొమ్మ అమ్మితే కోర్టుకు వెళ్లవచ్చు. బొమ్మను ఆడించే నేర్పు, గొంతెత్తి పాడే పాట, తెల్లవార్లూ సాగే కథ మాత్రం చట్టం దృష్టిలో సరుకులు కావు. పైగా నమోదు గడువు పదేళ్లే. ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి.

తెర వెనుక పనితనం

తోలును శుభ్రపరచి, వెలుగు ప్రసరించేంత పలుచన చేసి, రూపం గీసి, ఉలులతో సన్నని రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులద్దుతారు. తెరపై నగలు, చీర అంచులు తళుక్కుమనేది ఆ రంధ్రాల వెలుతురుతోనే. తల, చేతులు, కాళ్లు విడిగా చేసి దారంతో కలుపుతారు. కొన్ని బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. ఒకప్పుడు ఆముదపు దీపాలే వెలుగు. కళాకారుడు పాడుతూ, సంభాషణ పలుకుతూ, రెండు చేతులా బొమ్మలాడిస్తూ, కాలితో చెక్కను తొక్కి యుద్ధధ్వని పుట్టిస్తాడు. రామకథకు రంగనాథ రామాయణ ద్విపద ఆధారం. మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్విస్తారు. ఇంట్లో మరాఠీ మాట్లాడే కుటుంబాలు ఈ తెలుగు సాహిత్యాన్ని తరతరాలుగా కంఠస్థం చేసి నిలుపుకొంటూ రావడం విశేషం.

పాట రాకున్నా పని

సినిమా, టీవీల రాకతో ఊళ్లలో ఆటలు తగ్గాయి. కళాకారులు అలంకరణ వస్తువుల వైపు మళ్లడాన్ని తప్పుపట్టలేం. ఆ అమ్మకాలే లేకుంటే ఉలి పట్టే చేయీ మిగిలేది కాదు. కానీ దీపపు గొడుగు చేయడానికి ద్విపద నోటికి రానక్కరలేదు. మద్దెల, హార్మోనియం, తాళాలు, వంత పాడే గొంతులు కలిస్తేనే ఆట. ఆ బృందం ఏడాదిలో కొన్ని రాత్రులైనా తెర కట్టాలి. జిల్లాలోని జాతరలు, దేవాలయ ఉత్సవాల ఖర్చులో తోలుబొమ్మలాటకు ఒక రాత్రి కేటాయించడం నిర్వాహకులకు పెద్ద భారమేమీ కాదు.