టేకప్: మాట పుట్టుక, మరమగ్గం మీది అర్థం

‘టేక్ అప్’ ఇంగ్లీషులో నిత్యం వినిపించే జంట క్రియ. ఇందులోని ‘టేక్’ నిజానికి వలస మాట. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి ‘టాకా’ దీనికి మూలం. అప్పటిదాకా అదే అర్థంలో వాడుకలో ఉన్న ‘నిమన్’ను ఇది క్రమంగా వెళ్లగొట్టింది. ఇలాంటి జంటలకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో అచ్చువేసిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’తో వ్యాపించింది. ఆ పేరు సూచించినవాడు నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ.

మొదటి అర్థం పైకెత్తడం. మిగతావన్నీ దాని పిలకలే. పని అయితే చేపట్టడం, చోటైనా సమయమైనా అయితే ఆక్రమించడం, దుస్తులైతే అంచు మడిచి కుట్టి పొడవు తగ్గించడం, తాడైతే వదులు లేకుండా లాగడం. తెలుగు పత్రికలు ‘ప్రాజెక్టు టేకప్ చేశారు’ అని రాస్తుంటాయి. ‘చేపట్టారు’ ఉండగా ఆ అవసరం లేదు. వాడుకలో ఒక్క నియమం గట్టిది: కర్మ సర్వనామమైతే రెండు మాటల మధ్యే కూర్చోవాలి. ‘టేక్ ఇట్ అప్’ ఒప్పు, ‘టేక్ అప్ ఇట్’ తప్పు.

తెలుగు నేతగాళ్ల బతుకుకు దగ్గరైన అర్థం మరమగ్గం దగ్గర ఉంది. సూరత్‌లోని నవాగామ్, డిండోలి, లింబాయత్ ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు ఉన్నాయి. వారిలో చాలామందికి అన్నం పెట్టింది మరమగ్గమే. దాని ముందువైపు, నేసిన బట్టను రోలరుకు చుట్టే ఏర్పాటు ‘టేకప్’. వెనకవైపు, బీము నుంచి పడుగును వదిలే ఏర్పాటు ‘లెటాఫ్’. అదీ ఇలాంటి జంట క్రియే. మామూలు చేతిమగ్గంపై నేతగాడు నేత ఆపి బట్టను తానే చుట్టుకోవాలి. మరమగ్గంలో ఆ పని పళ్ల చక్రాలది. చక్రం మారిస్తే బట్ట జరిగే వేగం మారుతుంది, అంగుళానికి పడే పేక పోగుల లెక్కా మారుతుంది. నెమ్మదిగా జరిగితే బట్ట దిట్టం, వేగంగా జరిగితే పలచన.

నేత లెక్కల్లో దీనికి మరో అర్థమూ ఉంది. పేక మీదుగా, కిందుగా వంకర తిరగడం వల్ల పడుగు పొడవు కుదించుకుపోతుంది. ఆ కుదింపూ ‘టేకప్’ అనే పేరుతోనే చలామణి. 105 మీటర్ల పడుగుకు 100 మీటర్ల బట్ట వస్తే, బట్ట పొడవు మీద టేకప్ 5 శాతం.